వెనుక వరుస నాయకుడు సయ్యద్ నయీముద్దీన్

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఫుట్‌బాల్‌లో ఆయన డిఫెండర్, అంటే గోల్ కొట్టే పని కాకుండా ఎదుటివారిని గోల్ కొట్టనివ్వకుండా చూసే పని ఆయనది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలిచిన భారత జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ పతకం తర్వాత ఇన్నేళ్లలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో మరో పతకం తేలేదు. ఆట మానేశాక కోచ్‌గా కలకత్తా మైదానాల్లోనూ ఢాకాలోనూ పనిచేశారు, రెండు విడతలు జాతీయ జట్టును నడిపారు. ఆటగాళ్లకిచ్చే అర్జున, గురువులకిచ్చే ద్రోణాచార్య ఈ రెండు పురస్కారాలూ అందుకున్న ఫుట్‌బాల్ మనిషి దేశంలో ఆయనొక్కరే. ఇంత చేసినా తెలుగునాట ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. క్రికెట్ నీడ అందుకు ఒక కారణం. ఆయన ఆడిన స్థానం ఇంకో కారణం.

ఫుట్‌బాల్ జట్టులో పదకొండు మంది ఉంటారు. గోల్‌కీపర్ పోగా మిగిలిన పదిమందిలో వెనుక నిలబడి గోల్‌ను కాచేవాళ్లు డిఫెండర్లు. వీళ్లలో మధ్యలో నిలబడేవాణ్ణి పాతతరం స్టాపర్ అనేది, ఇప్పుడు సెంటర్‌బ్యాక్ అంటున్నారు. ఇరుపక్కల గీతల దగ్గర ఆడేవాళ్లు ఫుల్‌బ్యాక్‌లు. పల్నాడులోని క్రోసూరు, సత్తెనపల్లి, మాచర్ల వైపు కుర్రాళ్లకు ఈ పని అర్థం కావాలంటే కబడ్డీలో కార్నర్ ఆటగాణ్ణి తలుచుకోవాలి. కూతకొచ్చినవాడు ఎంత ఊరించినా కార్నర్‌వాడు తొందరపడడు. కాలు ముందుకు పడే క్షణం కోసం కాచుకుంటాడు, పడగానే పట్టేస్తాడు. తొందరపడ్డాడా, పాయింటు పోతుంది, తనూ బయటికి పోతాడు. డిఫెండర్ బతుకూ అంతే. బంతితో దూసుకొచ్చే ఫార్వర్డ్ నడుము ఇటు ఊపి అటు వెళతాడు, కాలు బంతి మీదుగా తిప్పి మోసం చేస్తాడు. మంచి డిఫెండర్ ఆ కాళ్ల విన్యాసం చూడడు, బంతినే చూస్తాడు. ఒంటిని కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, రెండడుగుల ఎడం ఉంచుకుని వెనక్కి జరుగుతూ, ఫార్వర్డ్‌ను గోల్‌కు దూరంగా గీత వైపు నెట్టుకుపోతాడు. బంతి ఆ ఫార్వర్డ్ కాలికి ఒక్క జానెడు దూరం జరిగినప్పుడే కాలు వేస్తాడు. ఈ పని సరిగ్గా జరిగినప్పుడు మైదానంలో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. స్కోరుబోర్డు మీద దీనికి అంకె లేదు, మర్నాటి పేపర్లో పేరుండదు. ఒక్కసారి కాలు జారితే మాత్రం ఆ పొరపాటు ఏళ్ల తరబడి గుర్తుండిపోతుంది.

నయీముద్దీన్ పెరిగిన హైదరాబాద్ అప్పట్లో కలకత్తాతో సమానంగా ఫుట్‌బాల్ నగరం. దాని వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టిన రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. దేశంలోకెల్లా పాతదైన డ్యూరాండ్ కప్‌నూ నాలుగుసార్లు గెలిచింది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ 1957-58లోనూ హైదరాబాద్ జట్టు గెలుచుకుంది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచింది. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితో ఆడించడం, బంతిని కాళ్ల దగ్గర అట్టే ఉంచుకోకుండా వెంటనే పాస్ ఇవ్వాలనే నిబంధనతో పోటీలు పెట్టడం రహీమ్ పద్ధతుల్లో కొన్ని. బంతిని అట్టేపెట్టుకునే అలవాటు పోతే ఆట వేగం పెరుగుతుంది, వెనుక వరుసవాడు కూడా కంగారులో బంతిని బయటికి తన్నకుండా తోటివాడికి అందించడం నేర్చుకుంటాడు.

రహీమ్ జాతీయ జట్టు పగ్గాలు పట్టే నాటికి మన వెనుక వరుస బలహీనంగా ఉండేది. ఇద్దరే బ్యాక్‌లతో ఆడే పాత పద్ధతి కొనసాగుతోంది, చాలామంది ఉత్త కాళ్లతోనే దిగేవారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10 తేడాతో ఓడింది. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి, వెనుక మనుషుల సంఖ్యా పెరిగింది. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆ జట్టు వెనుక వరుసలో హైదరాబాద్‌కు చెందిన అజీజుద్దీన్ ఉన్నారు, హైదరాబాద్ నుంచి ఇంకొందరూ ఉన్నారు. తర్వాత నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మధ్యవారు, నలుగురు ఫార్వర్డ్‌లు ఉండే 4-2-4 పద్ధతిని రహీమ్ జట్టుకు అలవాటు చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచినప్పుడు ఒక గోల్ కొట్టింది డిఫెండర్ జర్నైల్ సింగే. అంతకుముందు ఆడిన ఒక మ్యాచ్‌లో ఆయన తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే ఆయన్ను రహీమ్ ఫార్వర్డ్‌గా దింపారు. వెనుక ఆడేవాడికి ఆట మొత్తం తెలిసుండాలన్న రహీమ్ నమ్మకానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. నయీముద్దీన్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. రహీమ్ వేసిన బాటలో నడిచి దేశానికి కెప్టెన్లయిన హైదరాబాదీల వరసలో ఆయన ఒకరు.

ఆ రోజుల్లో హైదరాబాద్ కుర్రాడు ఫుట్‌బాల్ నమ్ముకుని బతకాలంటే ఉన్న దారి పోలీసు ఉద్యోగం. కాగితం మీద భారత ఫుట్‌బాల్ అమెచ్యూర్ ఆట. ఆడినందుకు జీతం అన్నమాటే లేదు. పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకులు, మిల్లులు ఆటగాళ్లకు ఉద్యోగమిచ్చి జట్టులో ఆడించేవి. పొద్దున ప్రాక్టీసు, తర్వాత డ్యూటీ, సాయంత్రం మ్యాచ్. నెల తిరిగేసరికి జీతం, ఆట మానేశాక పింఛను. ఇంటికి ఇంతకు మించిన భరోసా ఏముంటుంది? సిటీ పోలీస్ జట్టు అంత బలంగా ఉండడానికి రహీమ్ శిక్షణ ఎంత కారణమో, ఈ భరోసా అంత కారణం. నయీముద్దీన్ కూడా పోలీసు జట్టులోనే పేరు తెచ్చుకున్నారు.

1966లో ఆయన కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. హైదరాబాద్‌కే చెందిన మహమ్మద్ హబీబ్ కూడా అదే ఏడాది అక్కడికి వెళ్లారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం వాళ్లకన్నా ముందే ఈస్ట్ బెంగాల్‌కు ఆడి ఆ దారి చూపించి ఉన్నారు. ఇల్లూ వాకిలీ, అలవాటైన తిండీ భాషా వదిలిపెట్టి ఇరవయ్యో ఏట అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు వెళ్లింది ఎందుకంటే, దేశంలో ఫుట్‌బాల్‌కు నిజమైన అంగడి కలకత్తాయే. అక్కడ మూడు పెద్ద క్లబ్బులు: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. వాటి మధ్య పోటీ మైదానంలోనే కాదు, ఆటగాళ్ల కోసం కూడా సాగేది. ఏటా సీజన్ ముందు క్లబ్బు మారే గడువు వచ్చేది. ఆ కొద్దిరోజులూ పేరున్న ఆటగాణ్ణి అవతలి క్లబ్బువాళ్లు ఎత్తుకుపోకుండా దాచిపెట్టడం కూడా జరిగేది. పైకి అమెచ్యూరే అయినా చేతిలో డబ్బు పడేది. హబీబ్ అయితే ఉద్యోగాల జోలికి పోకుండా ఆటనే వృత్తిగా చేసుకున్నారు. భారతదేశపు మొదటి అసలు సిసలు ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఆయనేనని ఆటను ఎరిగినవారు చెబుతారు. పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో సమంగా ముగించినప్పుడు ఒక గోల్ ఆయనదే. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు.

కలకత్తా లీగ్ నడిచేది ఎండాకాలం చివర మొదలై వానాకాలమంతా. మైదానం గడ్డి పోయి, మోకాలి కింద దాకా బురద పట్టి, నీళ్లు తాగిన తోలు బంతి రాయిలా బరువెక్కేది. అలాంటి నేల మీద డిఫెండర్‌కు రెండు చిక్కులు. ఫార్వర్డ్ తను అనుకున్నప్పుడు తిరుగుతాడు, డిఫెండర్ అతణ్ణి చూసి ఆ తర్వాత తిరగాలి. ఆ అరక్షణంలో కాలు జారితే వెనుక మిగిలేది గోల్‌కీపరే. ఇక బరువెక్కిన బంతి నేల మీద ఎంత దూరం పోయి ఆగుతుందో చెప్పలేం. వెనక్కి ఇచ్చిన పాస్ బురదలో సగం దారిలో నిలిచిపోతే అవతలివాడికి చేతిలో పెట్టినట్టే. అందుకే ఆ తరం స్టాపర్లు బంతి నేలకు దిగకముందే తలతో కొట్టేయడానికి చూసేవారు, కాలు వేస్తే సగం మనసుతో వేసేవారు కాదు. నయీముద్దీన్ బలం ఇక్కడే. గట్టి ట్యాకిల్, తగ్గని ఒంటి దారుఢ్యం, అరిచి చెప్పి పక్కవారిని నిలబెట్టే నాయకత్వం ఆయన్ను మూడు పెద్ద క్లబ్బులకూ ఆడించాయి. ఒక క్లబ్బు అభిమాని ఇంకో క్లబ్బు జెండా చూస్తే ఓర్వలేని ఊళ్లో మూడింటా మన్నన పొందిన బయటి ఊరివారు కొద్దిమందే. అలా 2016లో మోహన్ బగాన్ తన అత్యున్నత గౌరవమైన మోహన్ బగాన్ రత్నను ఆయనకు ఇచ్చింది.

క్లబ్బు ఆటకూ అంతర్జాతీయ ఆటకూ మధ్య అప్పట్లో ఒక పెద్ద అగాధం ఉండేది. దేశంలో చాలాకాలం మ్యాచ్‌లు 70 నిమిషాలే ఆడేవారు. బయటి దేశాలతో ఆడితే 90 నిమిషాలు. అలవాటు లేని ఆ చివరి 20 నిమిషాల భారం ఎక్కువగా పడేది వెనుక వరుస మీదే. ముందువాళ్లు అలసిపోతే బంతి అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది, అది పదేపదే వచ్చి పడేది డిఫెండర్ల మీద. ఒంటి దారుఢ్యం విషయంలో నయీముద్దీన్ కోచ్ అయ్యాక చూపిన పట్టుదలకు మూలం ఇక్కడ కనిపిస్తుంది.

1970 డిసెంబర్‌లో బ్యాంకాక్ వెళ్లిన జట్టుకు జి.ఎం.హెచ్. బాషా, పి.కె. బెనర్జీ కోచ్‌లు. బెనర్జీ 1962 స్వర్ణ జట్టులో ఆడినవారు, బాషా బెంగళూరు వారు. నయీముద్దీన్ నాయకత్వంలో వెనుక సుధీర్ కర్మాకర్ వంటి చురుకైన డిఫెండర్, మధ్యలో హబీబ్, ముందు సుభాష్ భౌమిక్, మగన్ సింగ్, మంజిత్ సింగ్ ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌తో 2-2. తర్వాత దక్షిణ వియత్నాం మీద 2-0 గెలుపు. రెండో దశలో జపాన్ చేతిలో 0-1 ఓటమి, ఇండోనేసియా మీద 3-0 గెలుపు. సెమీఫైనల్లో బర్మా 2-0తో ఓడించింది. మూడో స్థానం కోసం మళ్లీ జపానే ఎదురొచ్చింది.

ఆ జపాన్ ఆషామాషీ జట్టు కాదు. రెండేళ్ల కింద 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడు జపాన్ ఫార్వర్డ్ కునిషిగె కమమొతో, ఏడు గోల్స్. పైగా కొద్దిరోజుల ముందే భారత్‌ను ఓడించిన ధీమా వాళ్లకు ఉంది. అలాంటి జట్టు మీద మంజిత్ సింగ్ కొట్టిన ఏకైక గోల్‌ను కాపాడుకుని భారత్ 1-0తో నెగ్గింది. ఒక గోల్ ఆధిక్యాన్ని నిలుపుకోవడం అంటే ఆట మిగతా కాలమంతా వెనుక నలుగురి మెడ మీద కత్తి వేలాడటమే. రెండో గోల్ కోసం ముందుకు పోతే వెనుక ఖాళీ పడుతుంది, మరీ వెనక్కి పోతే అవతలివాళ్లు గోల్ ముందు గుడారం వేస్తారు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయాలో నిమిషనిమిషానికీ తేల్చవలసినవాడు వెనుక ఉన్న కెప్టెనే. ఆరు మ్యాచ్‌లలో భారత్ ఇచ్చిన గోల్స్ ఐదు, మూడు మ్యాచ్‌లలో అసలు ఇవ్వలేదు. గోల్ కొట్టిన మంజిత్ పేరు రికార్డుల్లో ఉంది. ఆ గోల్‌కు విలువ తెచ్చినవారి పని ఈ మూడు సున్నాల్లో ఉంది. అదే ఏడాది కౌలాలంపూర్ మెర్డెకా టోర్నీలోనూ భారత్ మూడో స్థానంలో నిలిచింది. అప్పటికి ఆసియాలో మనది లెక్కలోకి తీసుకోవలసిన జట్టు.

ఆట విరమించాక డిఫెండర్లు కోచ్‌లుగా రాణించడం ప్రపంచమంతటా కనిపిస్తుంది. మైదానమంతా తన ముందు పరుచుకుని కనిపించే చోటు వాళ్లది. ఎవరు ఎక్కడ నిలబడాలో అరిచి చెప్పడం వాళ్లకు ఆటలో భాగమే. నయీముద్దీన్ శిక్షణలో 1990లో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఈ మూడింటినీ కలిపి త్రిముకుటం అంటారు. ఆ క్లబ్బు అంతకుముందు ఇది సాధించింది 1972లో, అప్పుడు కోచ్ పి.కె. బెనర్జీ. బ్యాంకాక్‌లో నయీముద్దీన్‌కు కోచ్‌గా ఉన్నవారే ఆయన. అదే 1990లో నయీముద్దీన్‌కు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఫుట్‌బాల్ నుంచి అది అందుకున్న మొదటివారు ఆయనే. అర్జున మాత్రం 1997 దాకా రాలేదు. శిష్యులను తయారుచేసినందుకు ముందు సత్కరించి, స్వయంగా ఆడినందుకు ఏడేళ్ల తర్వాత సత్కరించడం చిత్రమే. బ్యాంకాక్ పతకానికి అప్పటికి 27 ఏళ్లు. దేశానికి పతకం తెచ్చిన కెప్టెన్ అంతకాలం ఎదురుచూడవలసింది కాదు.

కోచ్‌గా ఆయనకు క్రమశిక్షణ విషయంలో కఠినుడన్న పేరుంది. ఒంటి దారుఢ్యం లేనివాడికి ఎంత నైపుణ్యం ఉన్నా జట్టులో చోటు కష్టమే. మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, బొంబాయి మహీంద్రా యునైటెడ్ ఆయన పనిచేసిన క్లబ్బుల్లో ఉన్నాయి. సరిహద్దు దాటి ఢాకాలో బ్రదర్స్ యూనియన్‌కూ, బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. భారత కోచ్‌గా 1997లో ఖాట్మండులోనూ 2005 డిసెంబర్‌లో కరాచీలోనూ దక్షిణాసియా టైటిల్ గెలిపించారు. కరాచీ ఫైనల్లో బంగ్లాదేశ్ మీద 2-0.

కానీ దక్షిణాసియా దాటి బయటికొచ్చేసరికి పరిస్థితి వేరు. 2006 ఫిబ్రవరిలో యొకోహామాలో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో జపాన్ చేతిలో ఆయన జట్టు 0-6తో ఓడింది. ఆ ఏడాదే ఆయన స్థానంలో ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్ వచ్చారు. 35 ఏళ్ల కింద కెప్టెన్‌గా తను ఓడించిన దేశమే ఇలా ఓడించడంలో కోచ్ తప్పు వెతకడం అన్యాయం. ఆ 35 ఏళ్లలో జపాన్ ఏం చేసిందో చూడాలి. 1993లో పూర్తిస్థాయి ప్రొఫెషనల్ లీగ్ మొదలుపెట్టింది, క్లబ్బులకు పిల్లల జట్లు తప్పనిసరి చేసింది, 1998లో మొదటిసారి ప్రపంచ కప్ ఆడింది, 2002లో దక్షిణ కొరియాతో కలిసి ప్రపంచ కప్‌కు ఆతిథ్యమిచ్చింది. మనకు జాతీయ లీగ్ అంటూ మొదలైంది 1996లో. ఐ-లీగ్ 2007లో వచ్చింది, ఇండియన్ సూపర్ లీగ్ 2014లో. డిఫెండర్లు మిగతావారికన్నా ఆలస్యంగా పక్వానికొస్తారు. ఏళ్ల తరబడి బలమైన ఫార్వర్డ్‌ల ముందు వారం వారం నిలబడితే తప్ప ఆ కన్ను తయారుకాదు. అంతకాలం జాతీయ లీగ్ లేని దేశంలో అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఈలోగా డిఫెండర్ పని కూడా మారిపోయింది. నయీముద్దీన్ ఆడిన రోజుల్లో ఒత్తిడి పెరిగితే బంతిని కాలితో వెనక్కి గోల్‌కీపర్‌కు ఇస్తే అతను చేతుల్లోకి తీసుకునేవాడు, ఊపిరి పీల్చుకోవచ్చు. 1992లో దాన్ని నిషేధించారు. అప్పటినుంచి డిఫెండర్‌కు ఒత్తిడిలోనూ పాస్ ఇవ్వగల కాలు అవసరమైంది. 1998 నుంచి వెనుక నుంచి ప్రమాదకరంగా చేసే ట్యాకిల్‌కు ఎర్ర కార్డు తప్పదన్నారు. పాతకాలంలో గట్టితనం అనిపించుకున్నవి ఎన్నో ఇప్పుడు మైదానం బయటికి పంపే తప్పులు. ఎడమ, కుడి ఫుల్‌బ్యాక్‌లు ఇప్పుడు గీత వెంట పరుగెత్తి ముందుకెళ్లి గోల్ అవకాశాలూ సృష్టించాలి. రెండు కాళ్లతో ఆడాలని, బంతిని అట్టేపెట్టుకోవద్దని రహీమ్ 1950లలో నేర్పింది ఇవాళ్టి డిఫెండర్‌కే ఎక్కువ పనికొస్తుంది.

సొంత ఊరు వదిలి కలకత్తాకు వలస వెళ్లి, కాళ్ల మీద బతుకు నిలబెట్టుకున్న హైదరాబాదీల కథకు దగ్గరి పోలిక కరీబియన్ దీవుల్లో దొరుకుతుంది. క్రికెటర్ బ్రయాన్ లారా దేశంగా మనకు తెలిసిన ట్రినిడాడ్ అండ్ టొబాగో జనాభా 15 లక్షల దరిదాపుల్లోనే. అక్కడి లీగ్ చిన్నది, అందుకే ఆటగాళ్లు ఇంగ్లండ్, స్కాట్లండ్, అమెరికా క్లబ్బులకు పోతారు. ఆ దేశపు పొడుగాటి డిఫెండర్ డెనిస్ లారెన్స్ బ్రిటన్‌లో వ్రెక్స్‌హామ్ అనే చిన్న క్లబ్బుకు ఆడుతూ, 2005 నవంబర్ 16న బహ్రెయిన్ మీద కార్నర్ కిక్‌ను తలతో గోల్‌గా మలిచి తన దేశాన్ని మొదటిసారి ప్రపంచ కప్‌కు చేర్చారు. మరుసటి ఏడాది జర్మనీలో స్వీడన్‌తో మొదటి మ్యాచ్. రెండో సగం మొదలవుతూనే డిఫెండర్ ఏవరీ జాన్‌కు రెండో పసుపు కార్డు పడి జట్టు పదిమందికి తగ్గింది. అయినా లారెన్స్, బ్రెంట్ శాంచో, గోల్‌కీపర్ షాకా హిస్లప్ కలిసి 0-0తో నిలబెట్టారు. ఒక దేశం ఒక సున్నాను పండగ చేసుకున్న సందర్భం ఫుట్‌బాల్‌లో అరుదు. లారెన్స్ తర్వాత కోచ్ అయ్యారు. ఆయన శిక్షణలో ట్రినిడాడ్ 2017 అక్టోబర్‌లో అమెరికాను 2-1తో ఓడించి, ఆ పెద్ద దేశాన్ని 2018 ప్రపంచ కప్‌కు పోకుండా ఆపింది. అదే దీవుల డిఫెండర్ కార్లైల్ మిచెల్ కెనడాలో వాంకూవర్‌కు, దక్షిణ కొరియాలో సోల్‌కు ఆడి, 2017లో కలకత్తా వచ్చి నయీముద్దీన్ తొడిగిన ఎరుపు పసుపు ఈస్ట్ బెంగాల్ చొక్కానే తొడిగారు. యాభై ఏళ్ల కింద హైదరాబాద్ నుంచి మనుషులు వెళ్లిన స్థానానికి ఇప్పుడు కరీబియన్ నుంచి వస్తున్నారు.

మరి హైదరాబాద్ ఏమైంది? పోలీసు జట్టు పాత బలం పోయింది. ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే సంస్థలు తగ్గాయి, ఊరి నడుమ మైదానాలు ఇళ్లూ దుకాణాలూ అయ్యాయి, ఫుట్‌బాల్ సంఘాల్లో కలహాలు పెరిగాయి, టీవీ క్రికెట్‌ను ఇంటింటికీ తెచ్చింది. రహీమ్ పోయాక ఆ పద్ధతిలో పిల్లల్ని తీర్చిదిద్దే ఏర్పాటు లేకపోవడం వీటన్నిటికన్నా పెద్ద లోటు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మానోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి సూపర్ లీగ్ ఛాంపియన్ అయింది. ఆ సీజన్‌లో వెనుక వరుసను మోసినవారు మణిపూర్ నుంచి చింగ్లెన్‌సానా సింగ్, ఉత్తరప్రదేశ్ నుంచి ఆకాశ్ మిశ్రా, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, స్పెయిన్ నుంచి హువానన్. ట్రోఫీ మీద నగరం పేరున్నా ఆ వరుసలో నగరం బిడ్డ లేడు. తర్వాత ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టి, చివరికి 2025లో ఆ క్లబ్బు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. శ్రీనిధి అనే మరో క్లబ్బు హైదరాబాద్ శివార్లలో సొంత మైదానం, పిల్లల శిక్షణ ఏర్పాట్లతో ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆశ కనిపించే చోటు అనంతపురం. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు వసతితో కూడిన ఫుట్‌బాల్ శిక్షణ ఇస్తోంది, స్పెయిన్ లీగ్ సహకారం కూడా అందింది. కరువు జిల్లా పల్లెల నుంచి అబ్బాయిలతో పాటు అమ్మాయిలూ అక్కడ బూట్లు కట్టుకుని ఆడుతున్నారు. పల్నాడు జిల్లా క్రోసూరు లాంటి మండలంలో ఫుట్‌బాల్ మీద మనసున్న పిల్లవాడికి ఇప్పటికీ మొదటి మెట్టు బడి జట్టే. అక్కడి నుంచి స్కూల్ గేమ్స్‌లో జిల్లా ఎంపిక, ఆపైన రాష్ట్ర జట్టు, సంతోష్ ట్రోఫీ. వెనుక వరుసకు ఆడదలచినవాడు పన్నెండు, పదమూడేళ్లకే రెండు కాళ్లతో బంతి ఆపడం, తలతో సరిగ్గా కొట్టడం నేర్చుకోవాలి. ఎత్తు, బలం వయసుతో వస్తాయి. నిలబడే చోటు ఎరగడం మాత్రం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. ఏడాదిలో నాలుగు రోజుల టోర్నీ ఆడి మిగతా కాలం ఖాళీగా ఉంటే అది అబ్బదు. జిల్లా స్థాయిలో నెలల తరబడి సాగే లీగ్ ఒకటి, దాన్ని నడిపే అర్హత గల కోచ్‌లు, పందొమ్మిదేళ్లు నిండినవాణ్ణి ఆటలోనే నిలిపి ఉంచే ఒక ఉద్యోగం: సిటీ పోలీస్ నాటి హైదరాబాద్‌లో ఈ మూడూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. నయీముద్దీన్‌ను తయారుచేసింది అవే.